రంపానికి అవతలి మనిషి

ఇంటి నుంచి
ఫిబ్రవరి 9

తమ్ముడూ,

నువ్వు రాసిన కార్డు అందింది. "బాగున్నాను, పని ఎక్కువగా ఉంది" అని రాశావు. పోయిన కార్డులోనూ ఇదే ఉంది. ఈసారి రాయడానికి బద్ధకమైతే చెప్పు, పాత కార్డే తీసి మళ్ళీ చదువుకుంటాను. నీకు స్టాంపు ఖర్చు తప్పుతుంది.

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నాన్నా, నేనూ. కుట్టుపని ఆగకుండా వస్తోంది. బడి పిల్లల యూనిఫారాలు. నీలం గుడ్డ చూసి చూసి కంటికి వేరే రంగు ఆనడం లేదు. పక్కింటి టీచరమ్మ తన జాకెట్టు మళ్ళీ వదులు చెయ్యమని తెచ్చింది. ఉతికితే గుడ్డ ముడుచుకుపోతోందట. నేనూ అవునన్నాను.

నాన్న ఎప్పటిలాగే పొద్దున్నే లేచి, రంపం దించుకుని, కోత గొయ్యి ఒడ్డున కూర్చుని ఆకురాయితో పళ్ళు నూరుతాడు. కోత మాత్రం లేదు. గొయ్యిలో నిలబడి కింది పిడి లాగే మనిషి లేనిదే, దుంగ మీద నిలబడ్డవాడు ఏం చేస్తాడు? నువ్వు వెళ్ళాక ఇద్దరు ముగ్గుర్ని పెట్టి చూశాం. "వీడు నెడుతున్నాడు", "వీడు రంపం పట్టుకుని వేలాడుతున్నాడు" అని అందర్నీ పంపించేశాడు. దుంగలు పెరట్లో అలాగే పడి ఉన్నాయి. వాటి మీద నేను బట్టలు ఆరేసుకుంటున్నాను.

నువ్వు ఒకసారి రావాలి. నాన్నతో మాట్లాడాలి. ప్రతి ఉత్తరంలో ఈ ముక్క రాస్తానని నీకు తెలుసు. నువ్వు ఈ ముక్క దాకా వచ్చి ఉత్తరం మడిచేస్తావని నాకూ తెలుసు. అయినా రాస్తాను. రోజూ పొయ్యి వెలిగించే ముందు దేవుణ్ణి కూడా ఇదే అడుగుతున్నాను. ఆయనా నీలాగే మడిచి పక్కన పెడుతున్నాడేమో. ఆయనకి ఓ వేళ ఉంటుంది. నేను తొందరపెట్టను.

అక్క


మిల్లు గదుల నుంచి
మార్చి 2

అక్కా,

ఈసారి మడవలేదు. మొత్తం చదివాను. కోపం తగ్గాక జవాబు రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. తగ్గలేదు, అందుకని రాస్తున్నాను.

"ఆయనకి ఓ వేళ ఉంటుంది" అన్నావు. ఈ మాట మనింట్లో నేను మొదటిసారి వినడం కాదు. అమ్మ ఆయాసంతో పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చున్న రోజు, కలప లారీవాణ్ణి బతిమాలి బండిని గుమ్మం దాకా తెచ్చాను. నాన్న ఏమన్నాడో నీకూ గుర్తుంది. "వాన తగ్గనీరా. దేవుడు చూస్తున్నాడు. ఆయన వేళకి ఆయన చేస్తాడు." లారీవాడు హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయాడు. వాన తగ్గింది. అప్పటికి అమ్మ లేదు. దేవుడు చూస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత నాకూ నాన్నకూ మాటల్లేవు. మాటల్లేకుండానే కొన్ని దుంగలు కోశాం. పైన ఆయన, గొయ్యిలో నేను, మధ్యలో రంపం. ఒక రోజు పైకెక్కి ఒళ్ళు దులుపుకుని బస్సెక్కాను.

ఇక్కడంతా కరెంటు రంపం. దుంగ పెడితే పలకలు పడతాయి. అవతల ఎవరున్నారో చూడక్కర్లేదు. ఆ చప్పుడులో మాట వినపడదు. మా సూపర్‌వైజరు చేతులు ఊపుతూ పొద్దస్తమానం తిడతాడు. ఏం తిట్టాడో ఎవరికీ తెలియదు. అందుకే ఆయనంటే అందరికీ ఇష్టం. నాకు ఈ చోటు బాగానే ఉంది.

నీకు ఏం కావాలన్నా అడుగు. రమ్మని మాత్రం అనకు. నా కోసం దేవుణ్ణి కూడా అడగకు. ఆ వేళ కోసం కాచుకుని కూర్చునే ఓపిక ఆ ఇంట్లో నాకొక్కడికే లేకుండా పోయింది.

తమ్ముడు


ఇంటి నుంచి
మే 20

తమ్ముడూ,

నీ ఉత్తరానికి వెంటనే రాయకపోవడం అలిగి కాదు. కొన్నాళ్ళుగా కడుపులో నొప్పి. మిషను తొక్కితే ఎక్కువవుతోంది. టీచరమ్మ వినకుండా నన్ను పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. గర్భసంచిలో గడ్డ ఉందట. ఆపరేషను చెయ్యాలన్నారు. భయమేం లేదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆయన అన్నిసార్లు చెప్పేసరికి కొంచెం భయం వేసింది. వచ్చే నెల మొదట్లో చేరాలి. నాలుగు వారాలైనా ఇంట్లో ఉండను.

నాన్నని ఒక్కణ్ణీ వదిలి వెళ్ళలేను. ఎందుకు వదల్లేనో ఇన్నాళ్ళూ నీకు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నాన్న పొద్దున్నే రంపం నూరుతాడని రాశాను. అది నిజమే. అన్నం తిన్నాక మళ్ళీ దించి నూరుతాడు. పొద్దున నూరిన సంగతి గుర్తుండదు. సాయంత్రం ఇంకోసారి. పళ్ళు అరిగి అరిగి సగమయ్యాయి. చివరికి ఆకురాయి బియ్యం డబ్బాలో దాచేశాను. రెండు నెలల కింద మన ఇల్లనుకుని టీచరమ్మ ఇంట్లోకి వెళ్ళి, చెప్పులు విడిచి, ఆవిడ మంచం మీద పడుకున్నాడు. ఆవిడ మంచిది కాబట్టి టీ ఇచ్చి తీసుకొచ్చింది. "ఇల్లు బాగుంచుకున్నావమ్మా" అని మెచ్చుకున్నాడట కూడా. నన్ను ఒక్కోసారి "అమ్మాయ్, మీదే ఊరు?" అంటాడు. ఏదో ఒక ఊరు చెప్తాను.

ఇదంతా ముందే రాస్తే నువ్వు జాలిపడి వచ్చేవాడివి. నీ కోపం నీ అంతట నువ్వు దింపుకుని రావాలని నా కోరిక. దేవుణ్ణి అడిగింది కూడా అలాగే అడిగాను. కాచుకున్నాను. ఇక కాచుకునే వీలు లేదు.

రా.

అక్క


మిల్లు గదుల నుంచి
మే 27

అక్కా,

సెలవు దొరికింది. సూపర్‌వైజరు మొదటిసారి చప్పుడు లేని చోట నాతో మాట్లాడాడు. గొంతు చాలా మెత్తగా ఉంది. "నాన్నని చూసుకో" అన్నాడు. వచ్చే శనివారం బస్సుకి బయలుదేరుతున్నాను.

ఆపరేషనుకి వెళ్ళేదానివి, నిన్ను అనకూడదు. కానీ అనకుండా ఉండలేను. ఏడాది కింద చెప్పి ఉంటే ఆయన నన్ను చూసి మొహం తిప్పుకునేవాడు. నాకు అదైనా దక్కేది. నాన్నా నువ్వూ ఒక్కటే. ఇద్దరూ దేవుడి మీద పెట్టి చేతులు ముడుచుకుంటారు. మీ ఇద్దరి మధ్యా నేను పరిగెత్తుకుంటూ వచ్చి అన్నిటికీ ఆఖరున చేరతాను.

కోపంతో రాశాను. చింపి మళ్ళీ రాసే ఓపిక లేదు. జాగ్రత్తగా వెళ్ళు.

తమ్ముడు


ఇంటి నుంచి
జూన్ 10

అక్కా,

మంచం ఖాళీ అయిందని ఆసుపత్రి నుంచి కబురు వస్తే నువ్వు ముందురోజే వెళ్ళిపోయావని టీచరమ్మ చెప్పింది. ఆ ఒక్క రోజూ నాన్నని ఆవిడే కనిపెట్టుకుని ఉంది. అలా మనం దారిలో తప్పిపోయాం.

నేను వచ్చేసరికి నాన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. నా సంచి చూశాడు. నా భుజాలు చూశాడు.

"కోతకొచ్చావా?" అన్నాడు.

"నాన్నా, నేను."

"ఎవరైతేనేం. పని వచ్చా?"

టీచరమ్మ గోడ అవతల నుంచి, "మీ అబ్బాయండీ పెద్దాయనా, సరిగ్గా చూడండి!" అని కేకేసింది. నాన్న ఆవిడకేసి విసుగ్గా చూసి, "మా వాడు ఇంత లావు లేడు" అన్నాడు.

ఆవిడ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నాను.

ఆ తర్వాత కూడా చెప్పి చూశాను. చిన్నప్పుడు ఆయన ఉలి తగిలి అయిన మచ్చ చూపించాను. "అయ్యో, ఎవరబ్బాయ్ అంత చూసుకోకుండా?" అన్నాడు. నాన్నా అని పిలిస్తే చిరాకు పడుతున్నాడు, ఎవరో వచ్చి ఆయన కొడుకు మంచం ఆక్రమించుకుంటున్నట్టు. ఇక మానేశాను. ఇప్పుడు "పెద్దాయనా" అంటున్నాను, "మీరు" అంటున్నాను. దానికి బాగా పలుకుతున్నాడు.

బియ్యం డబ్బాలోంచి ఆకురాయి తీసి రంపానికి కొత్తగా పళ్ళు దిద్దాను. రెండు పూటలు పట్టింది. నాన్న పక్కనే కూర్చుని, "ఆ పన్ను ఎక్కువ వంగింది, దాని పక్కది తక్కువయింది" అంటూనే ఉన్నాడు. అన్నీ సరిగ్గానే చెప్పాడు. అన్నం తిన్నదీ లేనిదీ గుర్తుండని మనిషికి పన్ను వంపు గుర్తుంది.

నువ్వు బట్టలు ఆరేసే చిన్న దుంగని గొయ్యి మీదికి దొర్లించి, ఆయన పడిపోకుండా రెండు పక్కలా పలకలు వేశాను. నేను పైన నిలబడతానంటే ఒప్పుకోలేదు. "పైవాడికి గీత తెలియాలి. నువ్వు దిగు" అన్నాడు. దిగాను.

మొదట్లో నేనే చెడగొట్టాను. అలవాటు తప్పి రంపాన్ని కింది నుంచి పైకి నెట్టాను. రేకు వంగిపోయింది. పైనుంచి ఒకటే కేక. "నెట్టకు! నీ వంతు లాగి వదిలెయ్. పైకి తీసుకోవడం నా పని. అవతల నేను లేనూ?"

తర్వాత కుదిరింది. పొట్టు కళ్ళల్లో పడింది. పైన ఆయన కాళ్ళు తప్ప ఏమీ కనపడవు కదా. ఆ కాళ్ళు చూస్తూ లాగాను. చిన్నప్పటి నుంచి నేను చూసిన కాళ్ళే. జానెడు కోసి ఆపాం. ఆయనకి ఆయాసం రాలేదు, నాకొచ్చింది.

సాయంత్రం టీచరమ్మతో, "మనిషి దొరికాడమ్మా. మా వాడికంటే కాస్త మొద్దు. నేర్చుకుంటాడులే" అన్నాడట.

నువ్వు దేవుణ్ణి అడిగింది ఇదేనా?

తమ్ముడు


ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు
జూన్ 14

తమ్ముడూ,

నీ ఉత్తరం నర్సు తెచ్చి ఇచ్చింది. పక్క మంచం ఆవిడకి చదువు రాదు. నాకు ఉత్తరం వస్తే తనకే వచ్చినట్టు లేచి కూర్చుంటుంది. "మా వాడు ఇంత లావు లేడు" అన్న చోటు చదివి వినిపించాను. నవ్వలేక కుట్లు పట్టుకుంది. తర్వాత ఏం రాశాడంటే, ఇంకేం లేదన్నాను.

అడిగింది ఇదేనా అన్నావు. ఇక్కడ ఆలోచించడం తప్ప వేరే పని లేదు, ఆలోచించాను. నువ్వు ఇంటికి రావాలని అడిగాను. నాన్నా నువ్వూ మళ్ళీ ఒక రంపం పట్టుకోవాలని అడిగాను. రెండూ అయ్యాయి. నాన్న నిన్ను గుర్తుపట్టాలని విడిగా అడగాలని నాకు తట్టలేదు.

నువ్వన్నది నిజమేనేమో. ముందే రాయాల్సింది. దేవుడి వేళకి వదిలేశానని నేననుకున్నాను. నీతో మళ్ళీ కాదనిపించుకోలేక ఆగానేమో కూడా. నమ్మకం ఎంతో, పిరికితనం ఎంతో విడదీసుకోవడం నాకు రావడం లేదు. అయినా అడగడం మాత్రం మానలేదు. మానేస్తే ఇక ఎవరితో చెప్పుకోను? నీతో చెప్తే మడిచేస్తావు.

రేపు పొద్దున ఆపరేషను. నాన్న మాత్ర మింగడు, పాలలో కలుపు. మందని చెప్పకు. కూరలో ఉప్పు తగ్గించు. తగ్గించావని చెప్పకు.

అక్క


ఇంటి నుంచి
జూన్ 22

అక్కా,

ఆపరేషను బాగా అయిందని టీచరమ్మ వచ్చి చెప్పింది. మత్తులో నువ్వు "గుండీలు తక్కువయ్యాయి" అని డాక్టరుతో గొడవపడ్డావట. నిశ్చింతగా పడుకో. గుండీలు ఉన్నాయి, చూశాను.

నాలుగు రోజులుగా వాన. కోత లేదు. మొదటి రోజు నాన్న కిటికీ దగ్గర నుంచి కదలలేదు. అన్నం కూడా అక్కడికే తెమ్మన్నాడు. రెండో రోజు మధ్యాహ్నం నన్ను పిలిచాడు.

"అబ్బాయ్, నీకు రాయడం వచ్చా?"

"వచ్చండి."

"మా వాడికి ఉత్తరం రాయాలి. మా అమ్మాయి రాస్తుంది కానీ దాని సొంత కబుర్లే రాస్తుంది. నేను చెప్పింది చెప్పినట్టు రాయి."

కాగితం తెచ్చుకుని ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆయన చెప్పింది ఇది. ఒక్క ముక్క మార్చలేదు.

"ఒరే అబ్బాయ్, మీ అమ్మకి ఒంట్లో బాగాలేదు. ఆయాసంతో పడుకోలేకపోతోంది. నీ మీద బెంగ కూడా పెట్టుకుంది. పట్నం తీసుకెళ్ళాలి. వాన తగ్గనీ అని అందరితో అంటున్నాను. నాకు ఆ పట్నం తెలియదురా. ఆసుపత్రిలో ఎవర్ని అడగాలో, ఏ గదికి పోవాలో తెలియదు. దారిలో ఏమన్నా అయితే ఆమెని పట్టుకుని నేనొక్కణ్ణీ ఏం చెయ్యను? నువ్వొచ్చేదాకా ఆమెని ఉంచమని దేవుణ్ణి అడుగుతున్నాను. నువ్వుంటే నాకు ధైర్యం. నా మీద కోపం ఉంటే ఉండనీ, వచ్చి పోట్లాడుదువు గాని. అలాగని కదిలే బస్సు ఎక్కకు. వీలు చూసుకుని రా. నేను ఎక్కడికీ పోను."

చదవమన్నాడు. చదివాను. ఆఖరి మాట రెండుసార్లు మొదలుపెట్టాను. "ఏంటా కూడబలుక్కోవడం? రాసింది నువ్వేగా" అన్నాడు.

అడ్రసు చెప్పమన్నాను. గోడ వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. "మా అమ్మాయికి తెలుసు" అన్నాడు.

లారీ తెచ్చింది నేనేనని ఆయనకి గుర్తు లేదు అక్కా. ఆయన మనసులో నేను అప్పటికే దూరంగా ఉన్నాను. ఆ రోజు గుమ్మంలో ఆయన మొహం నేను దగ్గర నుంచి చూశాను. మొండితనం అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకుని తిన్నాను, పడుకున్నాను.

ఇప్పుడు రోజంతా ఒకటే ప్రశ్న, జవాబు వచ్చిందా అని. అన్నీ మరిచిపోయే మనిషి దీన్ని మాత్రం మరవడం లేదు. పోస్టాయన వీధిలోకి వస్తే తడుస్తూ గేటు దాకా వెళ్తున్నాడు. ఉత్తరం లేదంటే, "సరిగ్గా వెతుకయ్యా" అని ఆయన సంచిలోకి తొంగి చూస్తున్నాడు. ఎదురుగా కూర్చుని నేనే వచ్చానంటే నమ్మడు. ఉత్తరం వస్తే నమ్ముతాడు. కానీ ఏం రాయను? అమ్మ ఉందని రాయనా? పోయిందని రాస్తే ఆయనకి అమ్మ మళ్ళీ ఇవాళే పోతుంది. నాకు ఏమీ తోచడం లేదు. నువ్వే చెప్పు.

తమ్ముడు


ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు
జూన్ 27

తమ్ముడూ,

పడుకుని రాస్తున్నాను. అక్షరాలు ఎటు పోయినా ఏరుకుని చదువు.

నాన్న చెప్పింది చదివాను. ఆ రోజు నేనూ ఆ గదిలోనే ఉన్నాను, అమ్మ వీపు రాస్తూ. ఆయన భయపడుతున్నాడని నాకూ తెలియలేదు. మన ముగ్గురిలో అమ్మకి ఒక్కదానికే తెలిసి ఉంటుంది. లారీ హారన్ కొడుతుంటే ఆమె నాన్న చెయ్యి పట్టుకుని ఉంది. తనకి పట్టు కోసం అనుకున్నాను.

నువ్వు ఆలస్యంగా వచ్చావని నువ్వూ అనుకుంటున్నావు, నేనూ అనుకుంటున్నాను. నాన్న దగ్గర ఆ వాన ఇంకా పడుతూనే ఉంది. అమ్మ ఇంకా గోడకి ఆనుకుని కూర్చునే ఉంది. ఆయన దగ్గర నువ్వు ఇంకా ఆలస్యం కాలేదు. ఇలా అడగొచ్చని నాకు తెలియదు, నేను అడగలేదు. ఇదే దేవుడి వేళ అని చెప్పే ధైర్యం నాకు లేదు. మనకి ఇంతకంటే మంచి వేళ ఇక రాదని మాత్రం తెలుస్తోంది. నేను దీన్నే దేవుడు ఇచ్చిందనుకుంటాను. నువ్వు ఏమన్నా అనుకో.

జవాబు రాయి. అబద్ధం రాయకు. నాన్నకి పడదు, నీకు చేతకాదు. నిజంలోనే ఆయన మొయ్యగలిగినంత రాయి. రాసి నాకు పంపు, ఇక్కడ పోస్టు చేయిస్తాను. పట్నం ముద్ర పడుతుంది, బయటి నుంచి వచ్చిందని నమ్ముతాడు. పోస్టాయనతో చెప్పు, తిన్నగా నాన్న చేతికే ఇవ్వాలి. నాన్న దాన్ని నీ చేతికిచ్చి చదవమంటాడు. కాబట్టి ఏడుపు ఏమన్నా ఉంటే రాసేటప్పుడే కానిచ్చెయ్.

అక్క


జూలై 1

నాన్నా,

నువ్వు చెప్పి రాయించిన ఉత్తరం అందింది. ఒక్క ముక్క పోకుండా అందింది. నీ దగ్గరున్న మనిషి దస్తూరి బాగాలేదు కానీ చెప్పింది చెప్పినట్టే రాశాడు.

అమ్మ గురించి భయపడకు. ఆమెకి ఇప్పుడు ఆయాసం లేదు. గోడకి ఆనుకుని కూర్చోవలసిన అవసరం లేదు. ఆమెని పట్నం తీసుకెళ్ళే పని ఇక నీ మీద లేదు. వాన తగ్గిందా లేదా అని కిటికీలోంచి చూడొద్దు. పట్నం తెలియకపోవడం తప్పు కాదు నాన్నా. ఆసుపత్రిలో ఎవర్ని అడగాలో అప్పుడు నాకూ తెలియదు. లారీ ఎక్కించేదాకానే నేనూ ఆలోచించాను.

కోపం ఉంటే ఉండనీ అన్నావు. ఉండేది. చాలా రోజులు ఉంది. ఈ మధ్య వెతికితే కనపడలేదు. నీతో పోట్లాడటానికి ఇంకేదైనా చూసుకుంటాను. దుంగ ఎటు తిప్పి కొయ్యాలన్న దాని మీద ఎలాగూ పోట్లాడతాం.

అక్క కులాసాగా ఉంది. త్వరలో ఇంటికి వస్తుంది. నేను వేళకి తింటున్నాను. కాస్త ఒళ్ళు చేశాను, నువ్వు చూస్తే పోల్చుకోలేవు.

దేవుణ్ణి అడుగుతున్నావని రాశావు. నేను అడగడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టాను. ఎలా అడగాలో సరిగ్గా రావడం లేదు. నిన్ను ఇంకొన్నాళ్ళు ఉంచమని మాత్రం అడుగుతున్నాను. ఎన్నాళ్ళో ఆయన ఇష్టం.

నేను బయలుదేరాను. నీ దగ్గరికి ఎప్పటికి చేరతానో చెప్పలేను. వానలో గేటు దగ్గర నిలబడకు, లోపల కూర్చో. కోతకొచ్చిన ఆ మనిషి నువ్వు చెప్పినట్టు వింటాడు. పని రాదని పంపించెయ్యకు. నేను చేరేదాకా అతన్ని నీ దగ్గరే ఉంచుకో.

నీ కొడుకు